తడి ఇసుక

మా బావ పోయాడు. లీవు ముగించుకుని వచ్చిన మా ఊరివాడు బ్యాగు కింద పెట్టకముందే చెప్పాడు: "మీ బావ జరమొచ్చి సచ్చిపోయిండు. దినాలు గూడ అయిపోయినయ్. పని ఖరాబైతదని నీకు చెప్పద్దన్నడట." చూశారా! తన చావు కబురు కూడా నా డ్యూటీకి అడ్డం రాకూడదట. మా అక్క మొగుడు, నన్ను దుబాయికి తెచ్చినవాడు, చివరిదాకా ఇంతే. తనేమైపోయినా సరే, ఎవరికీ ఇబ్బంది కాకూడదు.

జెబెల్ అలీలో మా కంపెనీ వర్క్‌షాపులో బావ లేత్ మిషను నడిపేవాడు. పైపులు తుప్పు పట్టకుండా కట్టే మెగ్నీషియం దిమ్మెలు ఆయన చేతికే వచ్చేవి. కోసినప్పుడు రాలే తెల్లటి రజను చూసి ఆయనకు పాత పిచ్చి మళ్లీ పుట్టింది. ఊళ్లో ఇనుప రజనుతో చిచ్చుబుడ్లు కట్టిన చేయి మరి! మెగ్నీషియం మాత్రం ఆయనకూ కొత్తే. అందుకే భయపడుతూ నేర్చుకున్నాడు, నాకూ నేర్పాడు. పిండిలా నలిగినదాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నూనె అంటినది, చెమ్మ తగిలి మసకబారినది పక్కకు తోసేవాడు. చెమట చేత్తో ముట్టబోతే నా చేతి మీద ఒక్కటి వేసేవాడు.

"బామ్మర్దీ, నీళ్లకు ఆరే నిప్పు గాదిది, నీళ్లను తినే నిప్పు. అంటుకుంటే ఎండిన ఇసుక పొయ్యాలె, ఎన్కకు ఉరకాలె. నీకేమన్న అయితే మీ అక్క నన్ను సంపుతది."

"మరి నీకెందుకు బావా గీ లొల్లి?"

"ఈళ్ల మొకాలు జూడురా. పండుగనాడు గూడ గిట్లనే ఉండాల్నా?"

ఈళ్లంటే మా రూమువాళ్లు. అందరిలోకీ ముందు వంటన్న. క్యాంపులో మాకు వండిపెట్టేవాడు, మా పక్క ఊరివాడే. ఏటా బావను పట్టుకుని పీకేవాడు: "వాకిట్ల వెలుగు లేని దీపావళి ఏం దీపావళే?"

ఆ ఏడు బావ ఒప్పుకున్నాడు. రెండు బకెట్ల ఇసుక జల్లించి, ఎండబోసి, గడప పక్కన పెట్టి డ్యూటీకి వచ్చాడు. మేమంతా పనిలో ఉండగా వంటన్న గది ఊడ్చి, బయట కల్లాపి చల్లాడు. మగవాళ్ల క్యాంపులో పండుగకు వాకిలి తడపాలని ఆయన ఒక్కడికే తోచింది. దుమ్ము లేవకుండా ఆ బకెట్లలోనూ ఒక్కోదాంట్లో చెంబెడు నీళ్లు పోశాడు. సాయంత్రానికి పైపొర ఆరిపోయింది. లోపల తడి అలాగే ఉంది.

మొదటి బుడ్డి బాగానే వెలిగింది. అందరూ కేకలు పెట్టారు. రెండోదాని రవ్వ రజను డబ్బాలో పడింది. ఆ డబ్బాను బావ దూరంగా పెట్టాల్సింది, పెట్టలేదు, మెగ్నీషియానికి కొత్త కదా. "యల్లా, ఎన్కకు పోండ్రి!" అని అరుస్తూ బావ బకెట్ ఎత్తి కుమ్మరించాడు. ఫెళ్లుమంది. ఇసుకా నిప్పూ కలిసి ఆయన ముఖం మీదికే లేచాయి.

ఒక కన్ను పోయింది, రెండోది మసకబారింది. ఆస్పత్రిలో నన్ను అడిగింది ఒక్కటే: "రెండో బకెట్ల చెయ్యి పెట్టి చూసినవా?" చూశాను. లోపలంతా తడి. వాకిలి తడిపింది ఎవరో ఇద్దరికీ తెలుసు. "గీ ముచ్చట వానికి చెప్పకు. నా మీద ఒట్టు. పండుగకు వాకిట్ల సాన్పు జల్లినోన్ని తిడుతమా?"

మేనేజరును ముదీర్ అంటాం; ఆయన ముందు తప్పంతా తనదేనన్నాడు బావ. ఖలాస్, వీసా రద్దయింది. ఊళ్లో అక్క బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని తునికాకు తడుముకుంటూ బతికాడు, లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టిన మనిషి.

వంటన్నకు ఇప్పటికీ తెలియదు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ అన్నం వడ్డిస్తూ చెబుతాడు: "పటాకుల మందుతోని ఆటలొద్దు బిడ్డా. ఒకాయన గట్లనే కన్ను పోగొట్టుకుండు." విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎంత మంచివాడివైతే మాత్రం బావా, తప్పంతా నీదేనన్న మాట కూడా ఆయన నోట్లో పెట్టిపోవాలా? నాకు కోపం నీ మీదే. నువ్వు పోయినా తగ్గలేదు.

ఒట్టు వేయించుకున్నవాడే లేడు, ఇక దాచేదేముంది? కడిగేద్దామనే శుక్రవారం పొద్దున వంటగదికి వెళ్లాను. వంటన్న లేడు. కాసేపటికి బయటి నుంచి వచ్చాడు. నున్నటి గుండు.

"నువ్వెందుకు తీయించినవ్?" అన్నాను, గట్టిగానే.

"అన్నకు కొడుకులు లేకపాయె గదరా. ఎవలో ఒకలు తియ్యాలె గద."

ఉల్లిగడ్డల బుట్ట ఆయన ముందుకు జరిపాను. బకెట్ల సంగతి చెప్పలేదు. ఆయనకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. వంటన్న పొయ్యి ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాడు. ఎండ తగలని ఆ తెల్లటి నెత్తి మీద, మంగలి కత్తి గీసుకున్నచోట, నెత్తుటి చుక్క ఒకటి ఇంకా ఆరలేదు.