చెంగల్రాయుడి సొంత మాట

మొన్న తిరుపతి కోర్టు హాల్లో ఒక లాయరమ్మ హైకోర్టు తీర్పులోని పేరా గొంతెత్తి చదివింది. ముద్దాయి చెప్పింది అతని మాటల్లోనే రాయాలి, రాసేవాడి భాషలోకి మారిపోయిన మాట అతనిది కాదు అని దాని సారం. వింటూ వింటూ నా పెన్ను ఆగిపోయింది. ఆ పేరా కోసం నిలబడి కొట్లాడిన మనిషి మునిరత్నం సారు. చిత్తూరులో నాకు వకీలు పని నేర్పిన గురువు. ఆ తీర్పులో ఆయన పేరు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

నేను ఆయన దగ్గర చేరిన రెండో ఏడు నగరి నుంచి ఒక అప్పీలు వచ్చింది. చెంగల్రాయుడు మరమగ్గం నేతగాడు. పొరుగింటాయన్ని ఇనుప కడ్డీతో కొట్టి చంపాడని కింది కోర్టు యావజ్జీవం వేసింది. చూసినవాళ్లు లేరు. పోలీసులకు అతను చెప్పాడంటున్న వాంగ్మూలం, దాన్నిబట్టి దొరికిందంటున్న కడ్డీ, అంతే సాక్ష్యం. సారు ఆ కాగితం నాకిచ్చి, "గట్టిగా సదువుమ్మా" అన్నారు.

"సదరు ఇనుప కడ్డీని నా మగ్గము వెనుక దాచియుంచితిని. నా వెంట వచ్చినచో చూపించగలను."

మూడుసార్లు చదివించారు. "నగరిలో ఎవురన్నా ఇట్ల మాట్లాడతారా?"

జైలుకు వెళ్లి అదే చెంగల్రాయుడికి వినిపించాం. అతను బిత్తరపోయి చూశాడు. "సదరా? ఎవురు సామీ ఆయప్ప? నేనెప్పుడూ సూడలేదే!" మళ్లీ అతనే అన్నాడు: "ఈడ ఇంకా ఇద్దురుండారు సామీ. వాళ్ల కాయితాల్లో కూడా ఆ సదరు ఉండాడంట. మాకందురికీ ఏదన్నా దోవ సూడండి." తిరుగు ప్రయాణంలో సారు ఆ కాగితం తీసి 'సదరు' కింద గీత గీశారు.

హైకోర్టులో ఇద్దరు జడ్జీల ముందు వాదన. కడ్డీ మీది రక్తం ఎవరిదో పరీక్షలో తేలలేదు. "ఈ ఒక్క అనుమానంతోనే విడుదల చేయవచ్చు కదా?" అన్నారు పెద్ద జడ్జి. గెలిచామనుకున్నాను. సారు మాత్రం కూర్చోలేదు. నేను ఆయన గౌను అంచు పట్టి లాగాను, విదిలించుకున్నారు.

"అలా అయితే ఈ ఒక్క మనిషే ఇంటికి వెళతాడండీ. ఈ కాగితం రేపు ఇంకో పేరుతో ఇంకో కోర్టుకు వస్తుంది. తమరు దీని మీద ఒక మాట రాస్తే రాష్ట్రంలో ప్రతి సెషన్స్ కోర్టూ పాటించక తప్పదు."

"వాంగ్మూలం సరైనదేనని మాకు తోస్తే? మీ మనిషికే నష్టం."

"తెలుసండీ. వాదిస్తాను."

ఆయన కింది కోర్టు రికార్డు తెరిచి, వాంగ్మూలం రాసిన అధికారి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్న సంగతి చదివారు: 'ముద్దాయి అరవం కలిపి ఏదో చెప్పినాడు, నేను మా పద్ధతిలో రాసినాను.' ఇందులో అతని మాట ఎక్కడుందండీ అని అడిగారు. తీర్పు వచ్చేదాకా నేను సారుతో సరిగా మాట్లాడలేదు. చేతికొచ్చిన గెలుపును పణంగా పెట్టారని కోపం.

తీర్పు వచ్చింది. చెంగల్రాయుడు నిర్దోషి. దానితోపాటు ఆ పేరా, మేము అడిగినదానికన్నా గట్టిగా! అతను భార్యతో ఆఫీసుకు వస్తే నేనే తెలుగులో విడమర్చి చెప్పాను.

"అంటే ఇంక మేము సెప్పింది సెప్పినట్టే రాయాల్నా? అందురివీ?"

"అందురివీ" అన్నారు సారు. చెంగల్రాయుడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు ఆఫీసంతా లేచి వచ్చింది. జైల్లోని ఆ ఇద్దరిలో ఒకాయన ఆ పేరా మీదే మరుసటేడు బయటికొచ్చాడు.

సారు ఇప్పుడు లేరు. చట్టం ఎక్కడో పైన తయారై మన దగ్గరికి దిగివస్తుందని నేననుకునేదాన్ని. నగరి నేతగాడి నోటి నుంచి కూడా అది పైకి ఎక్కగలదని చూపించి పోయారు. నా దగ్గరికి వచ్చేవాళ్ల మాటలు యాసతో, తడబాట్లతో, అరవంతో సహా రాసుకుంటాను. జూనియర్లు వాటిని దిద్దబోతే ఒకటే చెబుతాను: "అది నీ మాట కాదమ్మా. ముట్టుకోవద్దు."