ఎడమకు లాగిన డ్రోను

ఈ సాయంత్రం మా అపార్టుమెంటు తల్లుల వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆవిడ ఒక ప్రశ్న పెట్టింది. వాళ్ళ అమ్మాయికి సెలవుల్లో డ్రోను కొనిద్దామనుకుంటున్నదట, మొదటిసారి కదా, చవకది సరిపోతుందా లేక మంచిదే కొనాలా అని. జవాబులు క్షణాల్లో వచ్చిపడ్డాయి. ఎలాగూ పగలగొడతారు, చవకదే తీసుకో అని ఒకరు, చెయ్యి తిరిగాక మంచిది కొనవచ్చు అని ఇంకొకరు, బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్ళు మరి కొందరు. నేను రెండుసార్లు ఏదో రాసి చెరిపేశాను. పాపకు అన్నం తినిపిస్తున్నా, రేపటి టిఫిను డబ్బా కడుగుతున్నా నా మనసు ఆ ప్రశ్నను వదిలి కదలలేదు. దానికి జవాబు నాకు బాగా తెలుసు, కాని అది నాకు ఎలా తెలిసిందో ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. పాప నిద్రపోయింది కనుక ఇప్పుడైనా రాస్తాను.

మా బాపు పెళ్ళికి ముందే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, ఖటోదరాలో ఒక కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. మేమిద్దరం అక్కచెల్లెళ్ళం భేస్తాన్‌లో ఒకే గది ఇంట్లో పుట్టి పెరిగాం, ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ మాట్లాడుకుంటూ. బాపు మనిషిని చేతిని బట్టి అంచనా వేసేవాడు. ఎవరైనా కొత్తవాడు కార్ఖానాకు వస్తే వాడి ఊరూ పేరూ తర్వాత, ముందు తెగిన పోగును ఎట్లా ముడివేస్తాడో చూసేవాడు. మా ఇద్దరిలో మంచి చెయ్యి చెల్లెలిదని చిన్నప్పుడే తేల్చేశాడు. నిజమే, చిక్కుపడిన దారపు ఉండను దాని చేతికిస్తే కథ వింటూ విప్పేసేది, సూదిలో దారం చీకట్లో ఎక్కించేది. నేను చదువుకున్న పిల్లను, నా చేతికి పెన్ను తప్ప మరేదీ అబ్బలేదు. చుట్టాలు వచ్చినప్పుడు బాపు ఆ మాట నవ్వుతూ అనేవాడు, నేనూ నవ్వేదాన్ని, కాని లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఆ సంగతి కూడా ఇక్కడ దాచకుండా చెప్పడమే మంచిది.

డిగ్రీ కాగానే నాకు ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. చీర ఫొటో కింద నాలుగు వాక్యాలు రాయడం నా పని. కొన్నాళ్ళకు మా సేఠ్ చీరలతో పాటు ప్లాస్టిక్ సామాన్లు, ఆటబొమ్మలు కూడా అమ్మడం మొదలుపెట్టాడు, వాటిలో అరచేతిలో పట్టే ఒక డ్రోను ఉండేది. దానికీ నేనే రాశాను, మొదటిసారి ఎగరేసేవారికి చక్కని నేస్తం అని. అప్పటికి నేను డ్రోనును ఎగరేయడం మాట అటుంచి, దగ్గరగా చూసి కూడా ఎరుగను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెళ్ళిళ్ళలో డ్రోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. దండలు మార్చుకునే వేళ అది నెత్తి మీదికి రాగానే వధూవరులను వదిలేసి అందరం ఆకాశంలోకి చూసేవాళ్ళం, ముసలమ్మలు కొంగు సర్దుకునేవాళ్ళు. మా చెల్లెలు మాత్రం పైకి చూసేది కాదు. ఆ రిమోటు పట్టుకున్న మనిషి వేళ్ళను చూసేది. పన్నెండో తరగతి అయ్యాక అది అమ్మతో కలిసి ఇంట్లోనే చీరలకు రాళ్ళు అంటించేది, ఆ జిగురు వాసనకు సాయంత్రానికి తలనొప్పితో పడుకునేది. అట్లాంటి రోజుల్లో మా గల్లీ చివర పెళ్ళి వీడియోల స్టూడియో నడిపే ఒక గుజరాతీ ఆయన దానికి ఆశ పెట్టాడు. ఆడవాళ్ళ మధ్య తిరిగి తీయడానికి ఆడపిల్ల ఉంటే బాగుంటుంది, నెలరోజుల్లో సీజను మొదలవుతుంది, ఈలోగా కాస్త నేర్చుకొని రా, దండల వేళంతా గాలిలో కదలకుండా నిలపగలిగితే పనిలో పెట్టుకుంటాను అన్నాడు. ఆ రాత్రి చెల్లెలికి నిద్ర పట్టలేదు, నన్నూ పోనివ్వలేదు.

మరుసటి వారమే నేను దానికి డ్రోను తెచ్చి ఇచ్చాను. కొత్తది కాదు. ఎవరో కొని తిప్పి పంపించినది. అట్లాంటి రిటర్న్ మాలు ఆఫీసులో మూలన పడి ఉండేది, కావలసింది తీసుకుపొమ్మని సేఠ్ మాకే వదిలేసేవాడు. ఆ డబ్బాలో కొన్నవాళ్ళు హిందీలో రాసిన చీటి ఒకటి ఉంది, ఇది ఒకే వైపుకు పరుగెత్తుతుంది అని. ఎగరేయడం చేతగాక అట్లా రాసి ఉంటారని నాకు నేనే చెప్పుకొని చీటి చింపేశాను, డబ్బా మీది టేపు గుర్తులు తుడిచాను, కొత్త కాగితం చుట్టాను. అక్క తన జీతంతో కొన్నదని చెల్లెలు గల్లీ అంతా చెప్పుకుంది. నేను కాదనలేదు.

డాబా మీద ఎగరేయడం మొదలైంది. లేచీ లేవగానే అది ఎడమకు కొట్టుకుపోయి ఆరేసిన బట్టల్లో చిక్కుకునేది, మళ్ళీ లేపితే మళ్ళీ ఎడమకే. గాలి అనుకున్నాం, గాలి లేని రోజునా అంతే. అమ్మ దుప్పట్లు తీసుకుపోతూ, "ఏందే, నీ ఇమానం మా చీరలకే మొక్కుతది" అని ఎగతాళి చేసేది. వారపు సెలవునాడు బాపు డాబా ఎక్కి కాసేపు చూసి, తనకు తెలిసిన వైద్యం చేశాడు. మగ్గం మీద పడుగు ఒక పక్కకు లాగితే రెండో పక్క బిగువు పెంచుతారు. బాపు కార్ఖానా నుంచి సన్నని పాలిస్టర్ దారం తెచ్చి డ్రోను కుడి కాలికి ముడివేసి, రెండో కొస వేలికి చుట్టుకొని కుడివైపు నిలబడ్డాడు. అది ఎడమకు పోతుంటే బిగించేవాడు, సర్దుకోగానే వదిలేవాడు. డ్రోనుకు దారం కట్టాలన్న ఆలోచన నేతపని వాళ్ళకు కాక ఇంకెవరికి వస్తుంది!

"జర ఇడువు బాపూ, గుంజకు, నేను చూస్తున్న" అని చెల్లెలు.

"నువ్వు కుడికి ఒత్తిపట్టు బిడ్డా, నేను పట్టుకున్న, యాడికి పోదది" అని బాపు.

నిజంగానే నిలిచింది. రిమోటు పిడిని ఎప్పుడూ కొద్దిగా కుడికి నొక్కి ఉంచడం చెల్లెలి బొటనవేలికి అలవాటైంది, మూడు వారాలయ్యేసరికి దారం లేకుండానే ఆ దిక్కుమాలినదాన్ని బట్టల తీగ పైన నిమిషంసేపు నిలబెట్టగలిగింది. ఇవ్వాళ తలచుకుంటే అది ఎంత గొప్ప చెయ్యో నాకు అర్థమవుతుంది. ఒంకర వస్తువును తిన్నగా నిలబెట్టడం ఎవరికి సాధ్యం?

స్టూడియో ఆయన పెట్టే పరీక్షకు ముందురోజు అది రాళ్ళు అంటిస్తూ నన్ను అడిగింది, "అక్కా, పెద్దది గూడ గిట్లనే ఎడమకు గుంజుతదా?" అని. తెలియదు, అక్కడ ఆయన్ని అడుగు అంటే సరిపోయేది. ఇది ముందే చెడిపోయినది, దీని అలవాటు అక్కడ పనికిరాదు అంటే ఇంకా బాగుండేది. కాని ఆ మాట వెనకే చీటి బయటపడుతుంది, కొత్త కాగితం బయటపడుతుంది, నా జీతంతో కొనలేదని బయటపడుతుంది. "అన్నీ అట్లనే ఉంటయ్, డ్రోన్లంటేనే అంత" అన్నాను, అన్నీ తెలిసిన దానిలాగా. అది తల ఊపింది. అక్క కంపెనీలో అవే అమ్ముతుంది కదా!

మర్నాడు పార్టీ ప్లాటులో, అంటే పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మైదానంలో, పందిరి వేస్తున్నారు. వెదురు బొంగులకు గులాబీ రంగు గుడ్డలు చుడుతున్నారు. ఆ స్టూడియో ఆయన తన పెద్ద డ్రోనును పైకి లేపి వేళ్ళు తీసేశాడు. అది గాలిలో మేకు కొట్టినట్లు ఆగిపోయింది. నేను అంత నిశ్చలంగా నిలిచిన వస్తువును అంతకు ముందు చూడలేదు, చూసిన ఆ క్షణంలోనే నాకు చెల్లెలి బొటనవేలు గుర్తొచ్చింది. ఆయన రిమోటు చెల్లెలి చేతిలో పెట్టాడు. అరిచి చెప్పడానికి నాకు వ్యవధి ఉండింది. ఇప్పటికీ ఆ వ్యవధిని కొలుచుకుంటూ ఉంటాను. అది ఎడమకు పోతుందేమోనన్న భయంతో చెల్లెలి బొటనవేలు పిడిని కుడికి నొక్కింది. డ్రోను చెప్పిన మాట విని కుడికి కదిలింది. భయపడిన చెయ్యి తనకు తెలిసిన పనే చేస్తుంది, ఇంకా గట్టిగా నొక్కింది. ఆయన రిమోటు లాక్కునేలోగా అది పందిరి గుడ్డల్లోకి దూసుకుపోయి, వెదురుకు కొట్టుకొని కింద పడింది, రెక్కను మోసే ఒక కొమ్మ విరిగిపోయింది.

ఆయన చెడ్డవాడు కాదు, తిట్టలేదు. విరిగిన ముక్క ఏరుకుంటూ, "రెహనే దో బెన్, తుమ్హారా హాథ్ సీధా నహీ హై" అన్నాడు. నీ చెయ్యి తిన్నగా లేదమ్మా, వదిలెయ్యి అని. తిట్టినా బాగుండేది. మా ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ మాట ఎట్లా తగులుతుందో ఆయనకు తెలియదు. ఆటోలో వస్తున్నంతసేపూ చెల్లెలు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, అవి ఎవరివో అన్నట్లు చూసుకుంటూ కూర్చుంది. ఇంటికి రాగానే బాపు ఎదురొచ్చి అడిగితే, "నా చేతులల్లనే లేదు బాపూ" అంది. ఆయన దాని చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "నేనే దారం గట్టి చెడగొట్టిన బిడ్డా, నేర్సుకునే చెయ్యిని నేనే కరాబ్ చేసిన" అన్నాడు. నేను పొయ్యి దగ్గర చాయ్ కాస్తున్నాను. ముగ్గురికీ గ్లాసుల్లో పోసి ఇచ్చాను. అంతే చేశాను.

ఆ బుల్లి డ్రోనును అమ్మ ఒకనాడు పాత సామాన్లవాడికి వేసేసింది, నాకు ఊపిరి తేలికపడింది. చెల్లెలు మళ్ళీ రాళ్ళ జిగురులోకి వెళ్ళింది, ఆ పిమ్మట మా ఇద్దరి పెళ్ళిళ్ళూ జరిగాయి. స్కూటీ నేర్చుకోవే అంటే వద్దనేది. భయం అనుకున్నాను, స్వభావం అనుకున్నాను. ఈ మధ్య దానికి బాబు పుట్టాక చూడబోతే వాడి చెంపల మీద గోటి గీతలు. గోళ్ళు తీయలేదేమని కోప్పడ్డాను. "అమ్మ వచ్చి తీస్తది. నా చెయ్యి సంగతి నీకెరుక లేదా అక్కా, నువ్వే చూసినవ్ గదా" అంది మామూలుగా, నవ్వుతూనే. నేను బాబును ఒళ్ళో వేసుకొని గోళ్ళు తీశాను. పది వేళ్ళూ అయ్యేదాకా తల ఎత్తి దాని మొహం చూడలేదు.

అందుకే మూడో అంతస్తు ఆవిడ ప్రశ్న నన్ను పట్టుకుంది. చవకదైతే తప్పని నేను అనను. గాలి లేని గదిలో పిడి ఎటు నొక్కితే ఎటు పోతుందో తెలుసుకోవడానికి చవకదీ పనికివస్తుంది, పగిలినా బాధ ఉండదు. కాని చేతులు తీస్తే ఉన్నచోట నిలబడేదిగా ఉండాలి. ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తప్పు వస్తువుదో తమదో తెలిసే దారి లేదు, వాళ్ళు తమదే అనుకుంటారు. మనం రోజూ పిల్లలకు ఎన్నో అందిస్తాం, మాటలు కూడా. నా పాపకు ఇవాళ నేనన్న ఏ చిన్న మాట దాని చేతుల్లో కూర్చుండిపోతుందోనని నాకు గుబులు.

ఇది రాయడానికి ముందే చెల్లెలికి ఫోను చేసి అంతా చెప్పాను, చీటితో సహా. అవతల బాబు ఊ ఊ అంటున్నాడు.

"అంటే అది ముందుగాలనే కరాబా?"

"అవునే."

"నేను నిన్ను అడిగిన నాడు గూడ నీకెరుకేనా?"

ఎరుకే అన్నాను. నన్ను తిట్టవే అని కూడా అన్నాను.

"తిట్టుడు తర్వాత. ముందుగాల బాపుకు చెప్పు. ఆయన ఇప్పటికీ ఆ దారం సంగతే తీస్తడు."

"నువ్వు చెప్పరాదే..."

"నేనెందుకు చెప్త? నీ నోటితోని చెప్పు" అని పెట్టేసింది.

రోజులు ఎంత మారిపోయాయి! ఇప్పుడు పెళ్ళిళ్ళలో డ్రోను తిరుగుతుంటే ఎవరూ తలెత్తి చూడరు, చవకరకం బొమ్మలు కూడా మునుపటికన్నా కుదురుగా నిలుస్తున్నాయట, ఆడపిల్లలు రిమోటు పట్టుకుంటే వింతా లేదు. మగ్గాల దగ్గర పనిచేసిన బాపు తరం మాత్రం చెవులు అక్కడే వదిలేసి ఇల్లు చేరింది. ఆ చప్పుడులో అన్నేళ్ళు గడిపిన మా బాపుకు ఇప్పుడు పక్కన కూర్చొని మెల్లగా చెబితే ఏదీ వినిపించదు. చాయ్ తాగుతావా అన్నా అరవాలి, గోడ అవతల వాళ్ళు కూడా మాకూ కావాలని నవ్వుతారు. ఆదివారం నేను భేస్తాన్ వెళ్తున్నాను. ఇన్నేళ్ళుగా గుసగుసగా కూడా అనలేకపోయిన మాటను ఆ ఒక్క గదిలో నిలబడి, గల్లీ అంతా వినేటట్లు, ఆయనకు అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ అరిచి చెప్పాలి.