మా అమ్మ చీర బొత్తామైన వైనం

మా గుడిలో కోత పండుగ రోజు ఎవరికి గాజు గ్లాసులో టీ పోశారో, ఎవరికి పేపరు కప్పులో పోశారో నాకు గుర్తుంటుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. ఉద్యోగమంతా బడిలో పిల్లల హాజరు పిలిచిన దాన్ని, మరచిపోవడం చేతకాదు. “నువ్వు అన్నీ మనసులో పెట్టుకుంటావు” అని మా ఆయన అంటారు. మనసులో కాకపోతే ఎక్కడ పెట్టుకోవాలి? బీరువాలో చోటు లేదు. కాబట్టి పల్పిట్ గుడ్డ విషయంలో ఎవరు ఏమన్నారో నేను రాస్తే ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

మాది సామర్లకోటకు దగ్గర, కాలవ గట్టు మీద ఊరు. మా గుడిలో పాదిరిగారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ, ఆయన నిలబడి ప్రసంగం చేసే చెక్క పీఠాన్ని పల్పిట్ అనీ అంటాం. స్త్రీల సమాజానికి ఒక సెక్రటరీ గారు ఉన్నారు. ఆవిడకు ఫోనులో వీడియోలు చూసే అలవాటు. ఒకరోజు ఎక్కడో ఎవరో పాత గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టి, ముక్కకూ ముక్కకూ మధ్య గుడ్డ చుట్టిన బొత్తాలు పెట్టి గోడకు వేలాడదీయడం చూశారట. వెంటనే సమాజం గ్రూపులో పెట్టారు: మన పల్పిట్‌కి ఇలాంటి గుడ్డ చేద్దాం, ఇంటికొక ముక్క ఇవ్వండి, మన కుటుంబాలన్నీ దేవుని సన్నిధిలో ఒకచోట ఉన్నట్టుంటుంది, అని.

మాట బాగానే ఉంది. ముక్కలు ఎలా ఉన్నాయో చూడాలి. ఒకావిడ నైటీ జేబు ఇచ్చింది. ఒకావిడ తలగడ గలీబు ఇచ్చింది, దాని మీద నూనె మరక కూడా కుటుంబ సభ్యుడిలాగే ఉంది. దర్జీ దగ్గర కింద పడిన పీలికలు ఏరుకొచ్చి మావే అన్నవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం మా అమ్మ చీర ఇచ్చాను.

చీర అంటే చీరంతా కాదు. తువ్వాలంత ముక్క మిగిలింది. పల్చటి తెల్లటి నేత, సన్నటి నీలం అంచు. మా అమ్మ ఆదివారాలు అదే కట్టుకుని ఈ గుడికే వచ్చేది. బతికినన్నాళ్లూ వెనక గుమ్మం పక్కన చాప మీదే కూర్చుంది. ముందు చోటున్నా వెళ్లేది కాదు, వెళ్లమన్న వాళ్లూ లేరు. ఆవిడ పోయాక మిగతా చీరలు అక్కచెల్లెళ్లు పంచుకున్నారు. నేను ఊళ్లో లేని రోజు చూసి పంచుకున్నారు, అది వేరే సంగతి. నాకు దక్కింది ఈ ముక్క ఒక్కటే. దీన్ని ఎందుకు ఇచ్చానంటే, వెనక చాప మీద కూర్చున్న మనిషి చీర పల్పిట్ మీద, అందరికీ ఎదురుగా, నట్టనడుమ ఉండాలని. ఇందులో దాపరికమేమీ లేదు. ఎవరడిగినా చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

సెక్రటరీ గారి చేతిలో పెడుతూ ఒకే మాట చెప్పాను.

“దీనికి కత్తెర పెట్టకండి. మా అమ్మది. ఇది తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.”

“ఆయ్, అలాగేనండి టీచర్ గారూ. మీ మాట ఎప్పుడు కాదన్నామండీ?”

“మొన్న క్రిస్మస్ నాటకంలో కాదన్నారు” అని గుర్తు చేశాను.

ఆవిడ నవ్వేసి గుడ్డను సంచిలో పెట్టుకున్నారు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

గుడ్డ తయారయ్యాక అమ్మగారి ఇంటి వసారాలో పరిచి చూపించారు. ఆడవాళ్లందరూ చుట్టూ చేరి, “ఇది మాదే, ఇది మా అత్తగారిదే” అని తమ ముక్క తాము గుర్తుపట్టి మురిసిపోతున్నారు. ముక్కల మూలల్లో చిన్న చిన్న బొత్తాలు. వాటికి సామర్లకోటలో మ్యాచింగ్ సెంటర్ అతని దగ్గర, చేత్తో నొక్కే మిషను మీద గుడ్డ ఎక్కించారట. బాగున్నాయి. బాగున్నవి బాగున్నాయని చెప్పడానికి నాకేమీ అడ్డం లేదు. నేను నేరుగా నట్టనడుమకి చూశాను. నట్టనడుమ ఆకుపచ్చ గళ్ల లుంగీ ఉంది. అది సెక్రటరీ గారి భర్తది.

“మా అమ్మ చీర ఏదండీ?” అన్నాను.

సెక్రటరీ గారు వంగి, కింద కుడి మూల చూపించారు. అక్కడ అప్పడమంత బొత్తాం ఒకటి, బన్నులా ఉబ్బి ఉంది.

“ఇదేనండి. పెద్దదండి, ఆ మిషన్లో పట్టలేదు. ఇంట్లో నేనే చేశానండి.”

“బొత్తామా?”

“బొత్తామేనండి. చూడండి, ఎంత పెద్దదో. ఇంత బొత్తాం ఇంకెవరికీ రాలేదండి.”

“నైటీ జేబుకి ముక్క వచ్చింది. లుంగీకి నడుమ వచ్చింది. మా అమ్మకి బొత్తాం వచ్చిందా? సరే. తువ్వాలంత గుడ్డ ఇచ్చానే, పైన ఇంత చుట్టారు, లోపల దూది కూరారు. మిగతా గుడ్డ ఏదండీ?”

సెక్రటరీ గారి మొహం ఎర్రబడింది. “మిగతా గుడ్డ...” అని ఏదో అనబోయి, మధ్యలో ఆపి, “నన్ను దొంగంటున్నారా టీచర్ గారూ? అందరి ముందూ?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను దొంగ అనలేదు. గుడ్డ ఏదని అడిగాను. రెండింటికీ తేడా ఉంది. ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఏదైనా చెప్పుకోవాలంటే అమ్మగారిని మధ్యలో పెట్టుకునేవాళ్లం. అమ్మగారు ఎదురుగా కూర్చున్న మనిషి మాటే మళ్లీ నాకు చెప్పేవారు.

అమ్మగారు మంచి మనిషి. నన్ను ఓదార్చాలని, “మీ బొత్తామే ఆ గుడ్డకి ప్రాణమండి. ఆ బరువు లేకపోతే గుడ్డ నిలవదు” అన్నారు. పల్పిట్ మీద వేసి చూశారు కూడా. ఫ్యాను గాలికి గుడ్డ ఊగినప్పుడల్లా బొత్తాం వెళ్లి చెక్కకు తగిలి టక్ మంది. మా అమ్మ తలుపు తడుతున్నట్టే అనిపించింది నాకు. ఎవరూ తియ్యలేదు.

తర్వాత కోత పండుగ వచ్చింది. ఆ రోజు మా గుడిలో ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, వరి కంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలం. ఇందులో ఒక కట్టుబాటు ఉంది: ఆ బల్ల మీద పెట్టి ప్రార్థన చేసింది ఏదైనా సరే దేవుడిది, వేలంలో పాడుకుంటే తప్ప ఎవరూ ఇంటికి తీసుకుపోవడానికి లేదు. ఒక ఏడాది మా ఊరి కాంపౌండరు గారు కళ్లజోడు ఆ బల్ల మీద మరచిపోయారు. ప్రార్థన అయిపోయింది. దాన్నీ వేలం వేశారు. కళ్లజోడు లేక, ఎదురుగా పాడుతున్నది ఎవరో కనబడక, ఆయన తన పాట మీద తనే పాడి పెంచుకున్నారు.

ఇది తెలిసి కూడా సెక్రటరీ గారు పల్పిట్ గుడ్డను మడతపెట్టి తెచ్చి, అయ్యగారి ప్రార్థన దీనికీ అందుతుందని, గుమ్మడికాయల పక్కన పెట్టారు. అయ్యగారు చేతులు చాచి “ఈ బల్ల మీదనున్న సమస్తమూ నీదే ప్రభువా” అన్నారు. అయిపోయింది.

వేలం వేసేది సంఘ పెద్ద. చెవి కొంచెం మందం, కట్టుబాటు చాలా గట్టి. గుమ్మడికాయ అయింది, గెల అయింది, కోడి అయింది. తర్వాత ఆయన చెయ్యి గుడ్డ మీద పడింది.

“అది కాదండి బాబూ! అది గుడిదేనండి!” అని సెక్రటరీ గారు లేచారు.

“బల్ల మీద ఉందా లేదా?”

“ఉందండి. కానీ...”

“అయ్యగారు ప్రార్థన చేశారా లేదా?”

“చేశారండి.”

“మరి దేవుడికిచ్చింది ఊరికే పట్టుకుపోతారా అమ్మా? పాడుకోండి!” అని గుడ్డ విప్పి ఎత్తి పట్టుకున్నారు. మూల బొత్తాం వెళ్లి గుమ్మడికాయకు తగిలింది.

అయ్యగారు కల్పించుకోబోయి, కాంపౌండరు గారు తన వైపే చూస్తుంటే ఆగిపోయారు.

ముందుగా పాడింది రొయ్యల చెరువు ఆయన. ఆయనకు వేలంలో ఏది ఎత్తినా పాడే జబ్బు ఉంది.

“నీకెందుకయ్యా ఇది?” అని ఎవరో అడిగితే, “చెరువు దగ్గర మోటారు తడిసిపోతోందండి. దాని మీద కప్పుతాను” అన్నాడు.

మా అమ్మ చీర మోటారు మీదికి పోతుందని నాకు అప్పుడు అర్థమైంది. మిగతా గుడ్డ సంగతి తర్వాత, ఉన్న బొత్తాం కూడా పోతుంది. లేచి పాడాను. ఆయన పెంచాడు. నేను పెంచాను. సెక్రటరీ గారు కూడా చెయ్యెత్తబోయారు గాని, మగవాళ్ల వరసలోంచి వాళ్లాయన తల అడ్డంగా ఊపారు. లుంగీ పోయినా ఫరవాలేదనుకున్నట్టున్నారు. అప్పుడు ఆవిడ గుడి అదిరిపోయేలా అరిచారు.

“టీచర్ గారూ! వదలకండి!”

అన్నాళ్ల తర్వాత ఆవిడ నాతో నేరుగా అన్న మాట అది. అందులోనూ నాకు పని చెప్పడమే.

నేను వదలలేదు. నేను దేన్నీ వదలనని ఊరికి తెలుసు, చెరువు ఆయనకు మాత్రం తెలియనట్టుంది. చివరికి వాళ్లావిడే లేచి, “నా నైటీ జేబు ఉంది దాన్లో! మోటారుకి కడతావా? కూర్చో!” అని చొక్కా పట్టి లాగింది. ఆయన కూర్చున్నాడు. గుడ్డ నాదైంది. ఎంతకన్నది నాకూ దేవుడికీ మధ్య సంగతి.

ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాను. మా ఆయన వచ్చి నట్టనడుమ చూసి, “వేలంలో లుంగీ పాడుకొచ్చావా?” అన్నారు.

నేను బ్లేడుతో బొత్తాం కుట్టు విప్పాను. గుడ్డకు ప్రాణం అన్నారు కదా, ఏమవుతుందో చూద్దామని. ఏమీ కాలేదు. ఒక్క ముక్కా ఊడలేదు, ఒక్క బొత్తామూ రాలలేదు. గుడ్డ ఎలా ఉందో అలాగే ఉంది. అమ్మగారి మాట కూడా లెక్కలో వేసుకున్నాను.

తర్వాత బొత్తాం వెనక దారం లాగాను. లోపల దూది లేదు. ముందు పచ్చడి సీసా మూత ఒకటి టంగుమని కింద పడింది. దాని వెనక గుడ్డ వచ్చింది. లాగినకొద్దీ వచ్చింది. మడత మీద మడత, మూలకు మూల సరిపెట్టి, మా అమ్మ చీర మొత్తం ఆ బొత్తాంలోనే ఉంది. ఒక్కచోట కూడా కత్తెర తగలలేదు. సూది కూడా గుడ్డను పొడవకుండా అంచు వెంట దారంతో ముడివేశారు. మా అమ్మ ఒకప్పుడు చిరుగు పడితే తెల్ల దారం లేక నీలం దారంతో అల్లిన చోటు ఒకటి ఉంది. అది కూడా అలాగే ఉంది. దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను. నేను ఏమీ అనకపోయేసరికి మా ఆయన భయపడి మంచినీళ్లు తెచ్చారు.

మర్నాడు సెక్రటరీ గారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, మంచం మీద పరచిన తెల్లటి గుడ్డను చూశారు.

“కత్తెర పెట్టొద్దన్నారు కదండి. పెట్టలేదండి.”

“పెట్టలేదు. మూటగట్టమన్నానా?”

“మరి కత్తెర పెట్టకుండా ముక్కల గుడ్డలో ఎలా వేస్తారండీ? రెండు రోజులు ఆలోచించానండి. అన్నం సయించలేదు.”

“నన్ను అడగొచ్చు కదా.”

“అడిగితే కోప్పడతారనండి.”

“అడక్కపోతే పడలేదా?”

“పడ్డారండి” అని ఒప్పుకున్నారు. “ఆ రోజే చెప్పబోయానండి. ఏడుపొచ్చేసింది.”

లోపలికి రమ్మన్నాను. టీ ఇచ్చాను, గాజు గ్లాసులోనే. అప్పుడు నా షరతు చెప్పాను. గుడ్డ నేను పాడుకున్నది. గుడికి తిరిగి ఇస్తాను. కానీ మా అమ్మ నట్టనడుమ ఉండాలి.

“నడుమ మా ఆయన లుంగీ ఉందండి.”

“ఉండనివ్వండి. దాని మీద.”

ఆవిడ సూది అడిగారు. పచ్చడి సీసా మూత చుట్టూ గుడ్డను మళ్లీ మడతలు పెట్టారు. నేను పక్కనే కూర్చుని చూశాను, కత్తెర దూరంగా జరిపి. ఈసారి నీలం దారంతో అల్లిన చోటు పైకి రావాలన్నాను. వచ్చింది. అంత బొత్తాం పడేసరికి లుంగీలో నాలుగు గళ్లు తప్ప కనబడలేదు.

ఆ ఆదివారం అయ్యగారు కృతజ్ఞతలు చెప్పారు. సెక్రటరీ గారికి చెప్పారు, ముక్కలిచ్చిన కుటుంబాలకు చెప్పారు, మ్యాచింగ్ సెంటర్ అతను గుడికి రాకపోయినా అతనికీ చెప్పారు. చివర్లో “వేలంలో సహకరించిన ఒక సహోదరికి” అన్నారు. ఒక సహోదరి అట.

తర్వాత ప్రసంగం మొదలైంది. అయ్యగారికి ఆవేశం వస్తే పల్పిట్‌ను గుద్దే అలవాటు. గుద్దారు. గుప్పిట నేరుగా బొత్తాం మీద పడి, మూత టంగుమంది. అయ్యగారు ఉలిక్కిపడ్డారు. వెనక చాప మీద నిద్రపోతున్న వాళ్లు లేచారు. అందరూ నా వైపు తిరిగారు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పటికీ అంతే. అయ్యగారు మాట మీద మాట పెంచి గుద్దినప్పుడల్లా టంగుమంటుంది. కొంచెం పక్కకు జరపమని అమ్మగారి చేత కబురు పంపారు. కుదరదన్నాను. కావాలంటే ఆయన్నే పక్కకు జరిగి గుద్దుకోమన్నాను.