ఏడో నంబరు నాడి

మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి అర నిమిషం లెక్కపెట్టాలి. వచ్చిన అంకెను రెట్టింపు చేసి పుస్తకంలో రాయాలి. పన్నెండు మంది అమ్మాయిలకు నేను నేర్పింది ఇంతే. ఇంత చిన్న పనిని కూడా చెడగొట్టవచ్చని అప్పటికి నాకు తెలియదు.

తొంభైల మధ్య మాట. మా ఇల్లు తార్నాకలో. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను యూనివర్సిటీలో వ్యాయామ విద్యలో పరిశోధన చేస్తున్నాను. కష్టమైన సాధన తర్వాత పరుగెత్తే అమ్మాయిలు ఎంత త్వరగా తేరుకుంటారు, ఆ సంగతి పొద్దుటి నాడిలో ఎలా తెలుస్తుంది అన్నది నా విషయం. యంత్రాలంటారా, డిపార్టుమెంటులో ఉన్న ఒక్క ట్రెడ్‌మిల్లుకు దుప్పటి కప్పి, గదికి తాళం వేసి ఉంచేవారు. పాడవుతుందని ఎవరినీ ఎక్కనిచ్చేవారు కాదు. నాకు మిగిలినవి వేళ్లు, వాచీ, పన్నెండు నోటుపుస్తకాలు.

మొదటి రోజు ట్రాక్ పక్కన మెట్ల మీద వాళ్లను కూర్చోబెట్టి పెద్ద క్లాసు పీకాను. కళ్లు తెరవగానే, మంచం దిగకముందే నాడి చూసుకోవాలన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నాకు నోరెక్కువ. మంచి రన్నరుకు నాడి తక్కువగా ఉంటుందనీ, గుండె గట్టిపడేకొద్దీ నిదానంగా కొట్టుకుంటుందనీ, ఎవరిది ఎంత తగ్గుతుందో చూద్దామనీ చెప్పాను. పరిశోధన చేసేవాళ్లు చేయకూడని పని అది. ఏం రాస్తే నాకు సంతోషమో వాళ్లకు ముందే చెప్పేశాను. వారం తిరిగేసరికి హాస్టల్ మెస్సులో ఉప్మా ప్లేట్లు పట్టుకుని, నీదెంత నాదెంత అంటూ పరీక్ష మార్కుల్లా నాడి లెక్కలు పోల్చుకోవడం మొదలుపెట్టారు. నేను చూసి నవ్వుకున్నాను కూడా.

పేర్లు రాయకూడదు కనుక అందరికీ నంబర్లిచ్చాను. ఏడో నంబరు భువనగిరి అవతల పల్లె నుంచి వచ్చిన రైతు బిడ్డ. పదిహేను వందల మీటర్లు పరుగెత్తేది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఈ ఏడు యూనివర్సిటీ టీంలోకి ఎంపికైతే బయటి పోటీలకు వెళ్లవచ్చు. అక్కడ పతకం వస్తే రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. ఆమెకున్న దారి అదొక్కటే, ఆ సంగతి దాచేది కూడా కాదు.

"నౌకరొస్తె మల్కాజ్‌గిరి టేషన్ల కుర్చేసుకొని కూసుంటక్కా. అందర్ని టికెట్ అడుగుత, మిమ్ముల్ని మాత్రం అడగ" అనేది.

"నేను టికెట్ కొనుక్కునే ఎక్కుతాలేమ్మా" అనేదాన్ని.

మొదటి రెండు వారాలు ఆమె పుస్తకంలో అరవై ఎనిమిది, అరవై ఆరు, మళ్లీ అరవై ఆరు. మూడో వారం నుంచి అరవై ఒకటి, యాభై తొమ్మిది, యాభై ఏడు. అలా దిగుతూ యాభై ఒకటి దగ్గర నిలిచింది. అర నిమిషం లెక్కను రెట్టింపు చేస్తే బేసి సంఖ్య రానే రాదు. ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలిసే విషయం. నేను గమనించలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. గమనించాను. ఈ పిల్ల అర నిమిషంతో సరిపెట్టుకోకుండా నిమిషమంతా లెక్కపెడుతోంది కాబోలు, ఎంత శ్రద్ధ అనుకుని మురిసిపోయాను. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు, గ్రాఫు కాగితం మీద దిగుతున్న ఆ గీతను ఇంటికి తీసుకెళ్లి అమ్మకు కూడా చూపించాను. అమ్మకు అందులో ఏమీ అర్థం కాకపోయినా ఆదివారం చర్చిలో నా చదువు కోసం ప్రార్థన చేయించింది.

టీం ఎంపికకు నాలుగు రోజుల ముందు కోచ్ సార్ ట్రాక్ దగ్గర నన్ను ఆపారు. మంచి మనిషి. చదువుకున్నవాళ్లంటే ఆయనకు అవసరమైనదానికంటే ఎక్కువ గౌరవం.

"మేడం, మీ లెక్కల్ల ఏడో నంబర్ ఎట్లున్నది? నాకైతె పిల్ల జర డల్లుగ కొడ్తున్నది. టైం పడిపోతున్నది. ఈసారికి కూసోబెడ్దామా అని సోంచాయిస్తున్న."

నేను బ్యాగులోంచి గ్రాఫు తీసి చూపించాను. "అలసిపోతే నాడి పెరగాలి సార్. ఈ అమ్మాయిది చూడండి ఎలా తగ్గుతోందో. అందరిలోకీ ఈమే బాగా తేరుకుంటోంది."

ఆయన కాగితాన్ని చేత్తో పట్టుకోకుండా వంగి చూశారు. "మీరు చెప్పినంక ఇంకేముంది. ఉరికిద్దాం" అన్నారు. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్న ఆయన కళ్లు నిజం చెప్పాయి. నా కాగితం వాటి నోరు మూయించింది.

ఎంపిక రోజున ఆఖరి చుట్టులో, అవతలి మలుపు దగ్గర ఆమె నడక మొదలుపెట్టింది. తర్వాత కూర్చుంది. పడిపోలేదు, మెల్లగా కూర్చుంది. మేం పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని "ఎంత టైమొచ్చిందక్కా" అని అడిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసి నన్ను పక్కకు పిలిచింది. జ్వరం గుండెకు పట్టిందని చెప్పింది. "పడుకుని ఉన్నా నాడి నూరు దాటి కొట్టుకుంటోంది. ఇది ఇవాళ మొదలైంది కాదు. రోజూ పొద్దున నాడి చూసేవాళ్లు ఎవరైనా ఉంటే పది రోజుల కిందే తెలిసేది" అంది.

పుస్తకం నా బ్యాగులోనే ఉంది. నేను తీయలేదు. అలాంటివాళ్లు ఎవరూ లేరన్నట్టు తల దించుకుని నిలబడ్డాను. ఆ నిమిషాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో రోజు అమ్మ కాచి ఇచ్చిన జావ తీసుకుని వార్డుకు వెళ్లాను. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుంది. నేను ఉండబట్టలేక అడిగాను, "నువ్వు నిమిషమంతా లెక్కపెట్టేదానివి కదూ?"

ఆమె జావ గ్లాసు కేసి చూస్తూ అంది. "నా తాన వాచి లేదక్కా."

ముందు రూంమేట్ వాచీ పెట్టుకుని లెక్కపెట్టేదట. ఆ అమ్మాయి చదువు మానేసి ఊరికి వెళ్లిపోయింది, వాచీ కూడా వెళ్లిపోయింది. "అందరి ముంగట వాచి లేదని చెప్పబుద్ధి గాలె. అందాజుగ రాసిన. తక్కువుంటె మంచిదని మీరే చెప్పిండ్రు గదక్కా."

"మరి జ్వరం?"

"జొరమొస్తున్నదంటె సార్ కూసోబెడ్తడు. గోలీలు ఏసుకున్న."

ఆమె మాటల్లో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. నా చేతికి వాచీ ఉంది, ఇంట్లో నాన్న పాతది ఇంకోటి సొరుగులో పడి ఉంది. పన్నెండు మందికి పుస్తకాలు, పెన్నులు, నంబర్లు ఇచ్చినదాన్ని, వాచీ ఉందా అని ఒక్క మాట అడగలేదు. మా ఇంట్లో అందరి చేతులకూ ఉండేది కనుక అది అడగవలసిన విషయమని తోచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ సాయంత్రం నాన్న వాచీకి కీ ఇచ్చి చూశాను, ఆడుతోంది. తీసుకెళ్లి ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

ఇక పరుగెత్తకూడదన్నారు. పరీక్షలు కూడా రాయకుండానే ఆమె ఊరికి వెళ్లింది. మా గైడు నా గ్రాఫులన్నీ తిరగేసి ఏడో నంబరు దగ్గర ఆగి, "ఇది చాలా బాగా వచ్చిందమ్మా" అన్నారు. ఆ పిల్లను తీసేస్తే పదకొండు మందే మిగులుతారు, మళ్లీ ఏడాది వెనక్కి వెళ్లాలి. నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఏడో నంబరు గీత థీసిస్‌లో అలాగే ఉండిపోయింది. డాక్టరేట్ వచ్చాక అమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక వేసి, నన్ను సాక్ష్యం చెప్పమంది. లేచి దేవుడు నడిపించాడని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను.

రెండేళ్ల తర్వాత తార్నాక బస్టాపులో ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆమే. కొంచెం ఒళ్లు చేసింది, మెడలో విజిల్ తాడు. మల్కాజ్‌గిరిలో అన్న దగ్గర ఉంటోందట, అక్కడే చిన్న స్కూల్లో ఆటల పీరియడ్ చూస్తోందట.

"పోరగాళ్లు ఉరుకుతరు, నేను విజిలూదుత" అని నవ్వింది. తర్వాత చేయి చాచి చూపించింది. నల్ల పట్టీ వాచీ. "జీతమొచ్చినంక మొదలు ఇదే కొన్న. దినాం పొద్దుగాల చూస్కుంటున్నక్కా. అర నిమిషం, డబుల్. ఇయ్యాల ఎనభై ఆరు."

ఆమె మళ్లీ అంది, "ఒక్కటి అడగాలనుకున్న. నేను అబద్ధం లెక్కలు రాసి మీ బుక్కు ఖరాబు చేసిన. మస్తు బాధైంది. నాయి తీసేసిండ్రు గద?"

"తీసేశాను" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. "బతికిచ్చిండ్రక్కా" అంది. ఇంతలో మల్కాజ్‌గిరి బస్సు వచ్చింది. పరుగెత్తితే అందుతుంది. ఆమె పరుగెత్తలేదు. జనమంతా ఎక్కేదాకా ఆగి, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లేసరికి బస్సు కదిలిపోయింది. మళ్లీ నా పక్కకే వచ్చి నిలబడింది.