బోణీ బేరంలో వచ్చిన కాల్షియం

బేరమాడకుండా నేను కొన్నది ఏదైనా ఉంటే అది బస్సు టికెట్టే. మా నాన్నకు చిలకలూరిపేటలో కిరాణా కొట్టు. పక్కనే బాబాయిది బట్టల కొట్టు, ఎదురుగా మేనమామది ఎరువుల కొట్టు. కౌంటరు వెనక పెరిగినదాన్ని కాబట్టి కొట్టువాడి బలహీనతలన్నీ నాకు తెలుసని గర్వం. వాటిలో పెద్దది బోణీ. పొద్దున్నే షట్టరు ఎత్తాక వచ్చిన మొదటి మనిషిని వట్టి చేతులతో పంపిస్తే ఆ రోజంతా వ్యాపారం నడవదని మావాళ్ళ నమ్మకం. బోణీ వేళ మా నాన్న ఎంత తక్కువకైనా ఒప్పుకుని, ఆ నోటు కళ్ళకద్దుకునేవాడు.

ఈ తెలివితోనే గుంటూరులో పీహెచ్‌డీ చేస్తూ నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

నా పని ఒక ఎంజైము మీద. పత్తి మిల్లు వెనక తడిమట్టిలో దొరికిన బాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. నేసిన బట్టకు రంగు వేసేముందు దాని గంజి వదలగొట్టడానికి ఇలాంటి ఎంజైములు వాడతారు. వేడినీళ్ళలో పని కాబట్టి అది వేడికి చెడకూడదు. ఎంజైము ప్రోటీనే. ప్రోటీన్ అంటే పొడవాటి దారం అనుకోండి. దానికి సరైన మడతలు పడితేనే పని చేస్తుంది. మా నాన్న చక్కెర పొట్లం మడిచి పైన పురికొస చుట్టినట్టు, ఈ జాతి ఎంజైముల్లో మడతల మధ్య కాల్షియం అయాన్ కూర్చుని వాటిని పట్టి ఉంచుతుంది. అది ఊడిందా, వేడికి మడతలు విడిపోయి, ఉడికిన గుడ్డులా తెల్లగా గడ్డకడుతుంది. నా ఎంజైము మాత్రం చిటికెడు కాల్షియం వేయకపోయినా డెబ్భై డిగ్రీల దగ్గర గంటసేపు చెక్కుచెదరలేదు. పురికొస లేకుండా నిలిచిన పొట్లం! నా థీసిస్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

ఈ ప్రయోగాలన్నిటికీ డిస్టిల్డ్ వాటర్, అంటే ఏ లవణాలూ లేని నీళ్ళు కావాలి. మా ల్యాబ్‌లో నీళ్ళు మరిగించి ఆవిరి పట్టే యూనిట్ హీటరు కాలిపోయింది. రిపేరు ఫైలు ఏ టేబుల్ మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. అందుకని బస్టాండ్ దారిలో బ్యాటరీల షాపులో డబ్బా కొనేదాన్ని. ప్రతి సోమవారం షాపతను షట్టరు ఎత్తి అగరొత్తులు వెలిగించే వేళకి నేను మెట్ల మీద ఉండేదాన్ని.

"సగానికి ఇస్తారాండి?"

"పొద్దున్నే ఇదేం బేరమమ్మా! ఇంకా బోణీ కూడా కాలేదు."

"అందుకే ముందొచ్చానండి. నా చేయి మంచిది. వద్దంటే పోతాను."

ఒక మెట్టు దిగేదాన్ని. "ఆగమ్మా, ఆగు" అంటూ అతను లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చేవాడు. రెండేళ్ళలో రెండో మెట్టు దిగే అవసరమే రాలేదు.

థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్ అందరి ముందూ ఒక సెమినార్ ఇవ్వాలి. దానికి పది రోజులుందనగా కొత్త యూనిట్ వచ్చింది. దాని నీళ్ళతో ఒక్క గ్రాఫు అందంగా తీద్దామని కూర్చున్నాను. డెబ్భై డిగ్రీల దగ్గర పావుగంటకి గాజుగొట్టాలన్నీ తెల్లగా అయిపోయాయి. నా చేతిదే తప్పనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ తెలుపే. మూడోసారీ అంతే. మూల ఉన్న పాత డబ్బాలో కాసిని నీళ్ళు మిగిలాయి. వాటిలో అమ్మోనియం ఆక్సలేట్ చుక్కలు వేశాను. కాల్షియం ఉంటేనే నీళ్ళు పాలలా విరుగుతాయి. విరిగాయి.

ఆ సోమవారం ఖాళీ చేతులతో షాపు మెట్లెక్కాను.

"ఇవి డిస్టిల్డ్ వాటరేనా? ఒట్టేసి చెప్పండి."

అతను తల గోక్కున్నాడు. "మొదటి నెల అసలు సరుకే ఇచ్చానమ్మా. తర్వాత నువ్వు పెట్టే రేటుకి బోరునీళ్ళే వస్తాయి. బోణీ వేళ నిన్ను తిప్పి పంపలేను, నష్టానికీ అమ్మలేను. మరి నేనేం చెయ్యను?"

"ముందే చెప్పొచ్చుగా!"

"స్కూటర్ బ్యాటరీకేమో అనుకున్నా. రెండేళ్ళుగా బాగానే నడుస్తోందన్నావుగా!"

నిజమే, అన్నాను. ఆ మొదటి నెలలో నేనింకా ఎంజైమును వేడిచేసి చూడటమే మొదలుపెట్టలేదు. మా ఊళ్ళ బోరునీళ్ళకు కుండ అడుగున తెల్ల గార కడుతుంది. ఆ కాల్షియమే నా ఎంజైముకు పురికొస అయి కూర్చుంది. వేయలేదు, వేయలేదు అని రెండేళ్ళు నేను రాసుకున్న కాల్షియాన్ని వారం వారం సగం ధరకు కొని మోసుకొచ్చింది నేనే.

ఈ సంగతి నాకు, బ్యాటరీ షాపతనికి తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే సెమినార్ అయిపోతుంది, డిగ్రీ వస్తుంది. కానీ ఎక్కడో ఒక అద్దకం మిల్లువాడు నా మాట నమ్మి కాల్షియం లేని నీళ్ళలో ఈ ఎంజైము వేస్తే, వేసింది వేసినట్టే విరిగిపోతుంది. చెబితే రెండేళ్ళ నోటుబుక్కులు చిత్తుకాగితాలు. ఐదు రోజులు అన్నం సయించలేదు. ఎటు తిరిగినా నేనే ఆడిన బేరం అడ్డొచ్చేది. చివరికి మా నాన్నకు ఫోన్ చేశాను.

అంతా విని ఆయన నవ్వాడు. "కొట్టువాడి కూతురివై ఉండి, కొట్టువాడు నష్టానికి అమ్ముతాడని ఎలా అనుకున్నావే?" అని, "కల్తీ సరుకని తెలిశాక కూడా అమ్మితే, అప్పుడది నీ కల్తీ" అన్నాడు.

మర్నాడు గైడ్ సార్ గదిలో నిలబడి మొత్తం చెప్పాను.

"ఈడీటీఏ పెట్టి చూశావు కదమ్మా! ఉన్న కాల్షియాన్నంతా అది లాగేసుకోవాలిగా?"

"పెట్టానండి. కాస్త... పొదుపుగా పెట్టాను. ఆ నీళ్ళలో ఉన్నదానికి అది చాల్లేదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పాత డబ్బాలున్నాయా? ఏ వారం ఎంత కాల్షియం ఉందో కొలిస్తే కొన్ని రీడింగులైనా మిగులుతాయి."

"ఖాళీ డబ్బా వెనక్కిస్తే ఇంకొంచెం తగ్గించేవాడండి."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. సెమినార్ రద్దు చేస్తున్నానని రాసి, కాగితం నా వైపు తోశారు.

ఫెలోషిప్ అయిపోయింది, నేను మాత్రం అదే ల్యాబ్‌లో, అదే కిటికీ పక్కన ఉన్నాను. నా తోటివాళ్ళు ఉద్యోగాల్లో చేరారు. ఎండాకాలం మిర్చి ఘాటుకి కిటికీ తెరవలేను, మూస్తే డెబ్భై డిగ్రీల వాటర్‌బాత్ ఆవిరితో ఉడికిపోతాను. కాల్షియం వేసిన గొట్టం తేటగా ఉంటుంది, వేయనిది తెల్లబడుతుంది. నా ఎంజైము అన్ని ఎంజైముల్లాంటిదేనని రుజువు చేయడానికి ఇంకో ఏడాది పడుతుంది.

ఈ పని మళ్ళీ మొదలుపెట్టిన రోజు కొత్త నోటుబుక్కు మీద సంతకం పెడుతూ సార్, "ప్రతి రీడింగూ ఐదుసార్లు తియ్యి" అన్నారు.

"మూడు చాలవాండి?"

"ఐదు."

"పోనీ, నాలుగు చేద్దామండి."

ఆయన తల ఎత్తలేదు. తలుపు దాకా నడిచి, ఒక కాలు గడప అవతల పెట్టి ఆగాను. లోపలినుంచి "ఆగమ్మా" అనే మాట రాలేదు.