చిచెన్ ఇట్సా బస్సులో మూడు సీట్లు

ఎనభైల మొదట్లో మేము మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి కొంచెం అవతల, నోవైలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్లకి బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. నేను గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పెళ్ళయ్యాక ఆయన వెంట వచ్చినదాన్ని. ఆయన వీసా మీదే నాకూ వీసా ఇచ్చారు. దాన్ని హెచ్-ఫోర్ అనేవాళ్ళు. దాంతో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మాకు ఒక్కతే కూతురు, అక్కడే పుట్టింది. అప్పుడు థర్డ్ గ్రేడ్.

ఆ ఏడాది స్కూలు తెరవగానే దానికి పూర్వకాలపు మాయా జాతివాళ్ళ గురించి పాఠం చెప్పారు. చక్కెర బిళ్ళలు జిగురుతో అంటించి పిరమిడ్ కట్టుకుని రమ్మన్నారు. తండ్రీ కూతుళ్ళు శనివారమంతా డైనింగ్ టేబుల్ మీద కూర్చుని కట్టారు. చివరి మెట్టు పెట్టాక అది అడిగింది, "డాడీ, ఇది నిజంగా ఉందా?"

"ఉంది. మెక్సికోలో."

"నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. చూద్దాం పద."

అంత తేలిగ్గా అనేశారు. మా ఆయన సెలవు పెట్టడం నేను ఎరగను. కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్న రోజులు. పక్క బల్ల ఖాళీ అయిందంటే ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవారు కాదు. అలాంటి మనిషి మర్నాడే మాల్‌లో ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళి, చేతినిండా రంగుల బ్రోషర్లు పట్టుకొచ్చారు. క్రిస్మస్ సెలవుల్లో మెక్సికోలో కాన్‌కూన్ అనే ఊళ్ళో బీచి ఒడ్డున ఒక రిసార్ట్‌లో వారం ఉండడం, అందులో ఒకరోజు పొద్దున్నే బయల్దేరి చిచెన్ ఇట్సాలో ఆ పిరమిడ్, దాని చుట్టూ ఉన్న శిథిలాలు చూసి సాయంత్రానికి తిరిగి రావడం. బీచి సంగతి ఎవరికీ పట్టలేదు. ఇంట్లో మాటలన్నీ ఆ ఒక్కరోజు గురించే.

కారు అద్దెకి తీసుకుందామా, గైడు ఉండే బస్సులో వెళ్దామా అన్నది పెద్ద చర్చ. కారైతే మనిష్టం వచ్చినంతసేపు ఉండొచ్చు కదా అన్నాను నేను.

"ఏడాది పొడుగునా ఈ మంచులో నేనే తోలుతున్నాను. ఆ ఒక్కరోజు ఇంకెవర్నైనా తోలనీ. నేను కిటికీ పక్కన కూచుని అడివి చూసుకుంటాను" అన్నారు. బస్సే ఖాయమైంది.

ట్రావెల్ ఏజెంట్ యాభై దాటిన అమెరికన్ ఆవిడ. తను ఆ ట్రిప్పు స్వయంగా వెళ్ళొచ్చిందట. దారిలో బాత్‌రూములు పెద్దగా ఉండవనీ, ఎండ నెత్తి మీదకి వచ్చేలోపే మెట్లెక్కేయాలనీ, టోపీలు లేకపోతే పిల్లకి వడదెబ్బ తగులుతుందనీ చెప్పింది. అక్కడి గైడు ఇంట్లో ఇప్పటికీ మాయా భాషే మాట్లాడతాడంది. మా అమ్మాయి నమ్మలేదు. "మా టీచర్ వాళ్ళు లేరని చెప్పింది" అంది. ఆవిడ నవ్వి, "నువ్వెళ్ళి అతన్నే అడుగు" అంది. ఇంటికొచ్చే దారంతా ఏం అడగాలో తండ్రికి వినిపిస్తూనే ఉంది. ఇక నా బెంగ తిండి గురించి. రిసార్ట్‌లో వంటకి వీలుండదు, బస్సువాళ్ళు పెట్టే భోజనం మేం తినేది కాదు. పులిహోర ఇక్కణ్ణించే చేసుకుపోతే ఎన్నాళ్ళుంటుంది, అక్కడి కస్టమ్స్ వాళ్ళు రానిస్తారా అని నేనూ మా ఆయనా వాదించుకున్నాం.

బస్సులో మూడు సీట్లు బుక్ అయ్యాయి.

నవంబర్‌లో ఒక సాయంత్రం ఆఫీసు వదిలాక, పార్కింగ్‌లో కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతూ మా ఆయన అలాగే బానెట్ మీదకి వాలిపోయారు. ఇంజన్ ఆన్ చేసే ఉంది. వైపర్లు తిరుగుతూనే ఉన్నాయట. అటుగా వెళ్ళినవాళ్ళు ఏదో వెతుక్కుంటున్నాడనుకున్నారు. తర్వాత ఎవరో దగ్గరికెళ్ళి పలకరించారు. హాస్పిటల్‌కి నన్ను తెలిసినవాళ్ళు తీసుకెళ్ళేసరికి చేసేదేమీ లేదు. గుండె అన్నారు. నలభై కూడా లేవు ఆయనకి.

ఇండియా నుంచి రావడానికి మా మరిదికి టైమ్‌కి వీసా దొరకలేదు. ఫ్యునెరల్ హోమ్‌లో అగ్గి పెట్టడమంటే గోడకున్న బటన్ నొక్కడమే. మా ఆయన స్నేహితుడొకాయన నొక్కారు. తర్వాత ఆ వేలు చొక్కాకి తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. అమ్మాయిని నేను తీసుకెళ్ళలేదు.

ఆ తర్వాత ఇంట్లో జనం తగ్గారు. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ట్రావెల్ ఏజెంట్. ఆవిడకి సంగతి తెలీదు. హుషారుగా, "మీవారున్నారా? బస్సు టైమ్ మారింది, చెప్పాలి" అంది.

చెప్పాను. "అమ్మా, నువ్వేం కంగారుపడకు, అన్నీ నేను క్యాన్సిల్ చేసేస్తాను" అంది.

"వద్దు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. అంతకు రెండ్రోజుల ముందు అమ్మాయి అన్నం తింటూ, తల ఎత్తకుండా అడిగింది, "మమ్మీ, మనం ఇంకా పిరమిడ్‌కి వెళ్తామా, వెళ్ళమా?" అని. నేను పెరుగు గిన్నె దాని ముందుకి జరిపాను. అది మళ్ళీ అడగలేదు. ఇంట్లో అంతవరకూ జరిగినవేవీ నా చేతిలో ఉన్నవి కావు. ఇదొక్కటే నేను చేయగలిగినదిగా కనపడింది.

"మూడు సీట్లు రెండు చేయండి. మేమిద్దరం వెళ్తాం" అన్నాను.

మా తెలుగువాళ్ళలో అందరికన్నా పెద్దావిణ్ణి మేమంతా అక్కయ్య అనేవాళ్ళం. మా ఆయన పోయిన దగ్గర్నించీ రోజు విడిచి రోజు వంట చేసి తెచ్చేది. సంగతి విని సాంబారు గిన్నె పొయ్యి మీద పెట్టి, నా ఎదురుగా కూచుంది.

"ఏడాది తిరక్కుండా గుడికే పోకూడదంటారు. నువ్వు నెల తిరిగీ తిరగ్గానే బీచికి పోతావా?"

"బీచికి కాదక్కయ్యా. ఆ శిథిలాలు చూసి రావడానికి."

"అవీ గుళ్ళేగా?"

"దేవుడు లేని గుళ్ళు."

"అయితే మరీ మంచిది కాదు" అంది. "అందరూ ఏమనుకుంటారో ఆలోచించావా?"

"పిల్ల ఏమనుకుంటుందో ఆలోచిస్తున్నాను" అన్నాను. వెళ్ళేటప్పుడు ఆవిడ ఎప్పుడూ చేసేటట్టు నా తల నిమరలేదు.

ఆ రోజుల్లో ట్రావెల్ ఏజెంట్‌కి పొద్దస్తమానం ఫోన్లు చేసేదాన్ని. అప్పటిదాకా టికెట్టు కొనడం కూడా తెలీదు నాకు. రిసార్ట్ గేటు దగ్గర బస్సు ఎటువైపు ఆగుతుంది? పిల్ల మెట్ల మధ్యలో భయపడితే ఎవరు దింపుతారు? ఆడదాన్ని, ఒక్కదాన్నే పిల్లతో వస్తే ఏమైనా అంటారా? ఆవిడ విసుక్కోకుండా చెప్పేది. ఒకరోజు అంది, "తిరుగు ప్రయాణంలో బస్సు కదిలేముందు గైడు అందర్నీ లెక్కపెడతాడు. ఒక్కరు తక్కువైనా బస్సు కదలదు. నిన్ను వదిలేసి రారు."

ఫోన్ పెట్టేశాక వంటింట్లో నేల మీద కూచుని ఏడ్చాను. ఆయన పోయాక అంత ఏడుపు రావడం అదే మొదలు.

ప్రయాణం దగ్గరపడుతుండగా, మెక్సికో పర్మిట్ కోసం ఆవిడ పాస్‌పోర్టులు తెమ్మంది. అమ్మాయిని స్కూల్లో దించి అటే వెళ్ళాను. ఏజెంట్ ముందు అమ్మాయిది తెరిచి పక్కన పెట్టింది. నాది తెరిచి పేజీలు తిప్పింది.

"నీకు గ్రీన్ కార్డు ఉందా?"

"కంపెనీ అప్లై చేసింది. ఇవాళో రేపో వస్తుందని మావారు అనేవారు."

మళ్ళీ పేజీ వైపు చూసింది. "ఈ వీసా నీ భర్త ఉద్యోగం మీద ఇచ్చిందే కదా?"

"అవును."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను చెప్పకూడదేమో. కానీ లాయర్ని అడక్కుండా నువ్వు ఈ దేశం దాటకు" అంది. పాస్‌పోర్టులు రెండూ నా చేతిలో పెట్టి, నా చెయ్యి కాసేపు అలాగే పట్టుకుంది.

లాయర్ దగ్గరికి, ఆ రోజు బటన్ నొక్కిన స్నేహితుడే తీసుకెళ్ళారు. లాయర్ పెద్దాయన. కోటు బొత్తాలు పెట్టుకునే ఉన్నారు, గదిలో హీటర్ సరిగ్గా పనిచేయడం లేదు. మా ఆయన ఎప్పుడు పోయారో అడిగారు. చెప్పాను.

"మీ వీసా కూడా ఆ రోజుతోనే అయిపోయింది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "నేనేం తప్పు చేశాను?" అని అడిగాను.

"మీరేం చేయలేదు. మీ వీసాకి ఆధారం ఆయన. ఆయన లేరు."

"గ్రీన్ కార్డో?"

"ఆ అప్లికేషన్ ఆయన ఉద్యోగానికి. అదీ లేనట్టే."

"మా అమ్మాయి ఇక్కడే పుట్టింది."

"అమ్మాయి ఉండొచ్చు" అన్నారు. "ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. పెద్దయ్యాక మిమ్మల్ని పిలిపించుకోవచ్చు కూడా."

"ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే ఎక్కడుంటుందండీ?"

ఆయన కళ్ళు దించుకున్నారు. "చట్టం ఆ ప్రశ్న అడగదమ్మా."

మెక్సికో వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పారు. వెళ్ళడానికి ఎవరూ అడ్డు చెప్పరు. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో అమ్మాయిని లోపలికి రానిస్తారు, నన్ను రానివ్వరు. ఆయన మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం నా కూతురు ఎండకి ఎర్రగా కమిలిన మొహంతో, నేల మీద గీసిన గీతకి అటువైపు నిలబడి నన్ను రమ్మని చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. స్కూలు సంవత్సరం అయ్యేదాకా ఉండనివ్వమని అడిగి చూస్తానన్నారు లాయర్. అంతకంటే ఎక్కువ ఆశపెట్టుకోవద్దన్నారు.

పిరమిడ్‌కి వెళ్ళడం లేదని అమ్మాయికి ఆ సాయంత్రమే చెప్పాను. వాయిదా వేస్తే నాకు ధైర్యం పోతుంది.

"పిరమిడ్ క్లోజ్ చేశారా?"

"లేదమ్మా. మనం వెళ్తే తిరిగొచ్చేటప్పుడు నన్ను రానివ్వరట."

"నిన్ను ఒక్కదాన్నేనా? వై?"

"నా వీసా డాడీ వల్ల వచ్చింది."

"బట్, డాడీ లేరు కదా."

"అందుకే."

అది లేచి వెళ్ళి, తన గదిలో షెల్ఫ్ మీదున్న చక్కెర పిరమిడ్‌ని తెచ్చి వంటింటి సింక్‌లో పెట్టి, వేణ్ణీళ్ళ పంపు తిప్పింది. నేను ఆపలేదు. జిగురు గట్టిది, అది కరగడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం నిలబడి చూశాం.

ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేసి ఆ రెండు సీట్లు కూడా వద్దన్నాను.

అక్కయ్యకి సంగతి తెలిసి పరుగున వచ్చింది. గుమ్మంలోనే నన్ను వాటేసుకుని, "చూశావా, దేవుడే ఆపాడు. వెళ్ళివుంటే ఏమయ్యేది!" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఆయన గుండె ఆపింది కూడా ఆయనేనా అక్కయ్యా?" అన్నాను.

ఆవిడ చేతులు వదిలేసింది. బూట్లు కూడా విప్పకుండా సోఫా అంచున కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన కూచున్నాను. ఎవరం ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. ఆ తర్వాత నెలల్లో ఇల్లు ఖాళీ చేయడానికి రోజూ వచ్చింది ఆవిడే. మా ఆయన కోట్లు మడతపెట్టి డబ్బాల్లో సర్దడం నావల్ల కాకపోతే, నన్ను బయటికి పంపించి తలుపేసుకుని ఆవిడే సర్దింది.

క్రిస్మస్ సెలవుల వారమంతా మంచు కురిసింది. అమ్మాయి, నేను ఇల్లు కదల్లేదు. టీవీ పెట్టుకుని చూసేవాళ్ళం, ఏం చూశామో గుర్తులేదు. ఆ వారంలో ఒక పొద్దున అది నిద్ర లేస్తూనే, "ఇవాళే కదా బస్సు?" అంది. అవునన్నాను. అటు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు.

జూన్ దాకా ఉండనిచ్చారు. స్కూలు చివరి రోజున క్లాసువాళ్ళంతా సంతకాలు పెట్టిన టీషర్టు వేసుకుని ఇంటికొచ్చింది. సమ్మర్ అయ్యాక మళ్ళీ వస్తానని వాళ్ళకి చెప్పిందట. నేను దిద్దలేదు.

డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి అక్కయ్యవాళ్ళు, మా ఆయన స్నేహితుడు వచ్చారు. కౌంటర్‌లో కుర్రాడు నా పాస్‌పోర్టు తెరిచి, లోపల పిన్ను కొట్టివున్న చిన్న తెల్ల కార్డు పీకి డ్రాయర్‌లో వేసుకున్నాడు. దేశంలోకి వచ్చిన రోజున ఇచ్చిన కార్డు అది. అమ్మాయి మునివేళ్ళ మీద నిలబడి చూస్తోంది.

"నాది తీసుకోరా?" అని అడిగింది అతన్ని.

"నీకు అలాంటిది ఉండదు స్వీటీ. నువ్వు ఇక్కడిదానివేగా" అన్నాడు. మంచిగానే అన్నాడు.

అది నావైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. విమానం ఎక్కి, బెల్టు పెట్టుకుని, నిద్రపోయేదాకా వదల్లేదు. గుంటూరులో మా నాన్నగారు నాకోసం ఒక స్కూల్లో ఉద్యోగం మాట్లాడి ఉంచారు. దిగిన వారానికే చేరాను, తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెప్పడానికి.