అంచులో తగువు పెట్టుకునే పలక

వారంలో తిరిగిస్తానని నా పెళ్లయిన కొత్తలో మా బావమరిది ఓబులేసు పట్టుకెళ్లిన పుస్తకాలు నేటికీ రాలేదు. వాటి అంచుల నిండా రచయితలతో నేను పడిన తగువులున్నాయి. ఈ మధ్య చిన్న అక్షరాలు కంటికి ఆనక చదవడమే మానేశాను.

ఈ రోజు ధర్మవరంలో అతని కూతురు సునంద పుస్తకాలు చదువుకునే రెండు ఈ-ఇంక్ ట్యాబ్లెట్లు, కాగితంలాంటి తెర ఉన్న పలకలు, నా ముందు పెట్టింది. ఒకటి తనది, ఒకటి స్నేహితురాలిది. రెండింట్లోనూ అక్షరం పెద్దదవుతుంది. సునంద పలకలో పుస్తకం అంచున పెన్నుతో రాయొచ్చు కూడా.

"ఏది గావల్ల మామా?"

"రాసినోణ్ని తిట్టేదానికి వీలుండేది."

"తిట్టకుంటే నీకు చదివింది అరగదులే. నాదే తీసుకో. మా నాయనకు మాత్రం ఇయ్యాకు."

తిరుగు రైలు పెనుకొండ చేరకముందే మొదటి తగువు పెట్టుకున్నాను. ఆ పిల్ల చల్లగా ఉండాలి. మీరు అరువిచ్చిన పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి. నా పాత తగువులన్నీ మింగింది మాత్రం ఓబులేసే.